ఏడవ ఘడియ

ఈ కథలో వరుస తప్పితే చదివేవారు మన్నించాలి. ఏది ముందు, ఏది వెనక అన్నది ఈ మధ్య నాకు నిలవడం లేదు. సేనాని సిద్ధాంతి ఇంటికి వచ్చింది ముహూర్తం పెట్టకముందా, పెట్టిన తరువాతా అని నిన్న సగం పూట కాగితం ముందు కూర్చుండిపోయాను. అయినా జరిగిన పని మాత్రం నాకు స్పష్టంగానే కనిపిస్తున్నది. బీరువా తాళం తీయడానికి కూడా క్యాలెండరులో వర్జ్యం చూసుకుని బతికినదాన్ని కనుక ఆ పని చేసినవాడి మనసు నాకు కొంత తెలుసు. అది కూడా మరచిపోకముందే రాసిపెడుతున్నాను.

పాలవాగు రెండు పాయలై చీలి మళ్ళీ కలిసే చోట, మూడు వరుసల రాతి గోడల నడుమ, నెమలిగుట్ట దుర్గం నల్లని ఏనుగు పడుకున్నట్లు ఉండేది. తూర్పు వాకిట సూర్యుని తొలి కిరణం బురుజు మీద పడేసరికి కింద పేటలో సాలెవారి మగ్గాలు, కంచరివారి కొలుములు, గానుగలు, గుర్రపుశాలలు అన్నీ సిద్ధంగా ఉండేవి. కాని ఏదీ కదిలేది కాదు. అందరి చెవులూ కోట నడిబొడ్డున ఉన్న ఘటికాగృహం వైపే ఉండేవి. అక్కడ నీటి గంగాళంలో ఒక రాగి గిన్నె తేలుతుండేది. గిన్నె అడుగున ఆవగింజంత రంధ్రం. ఆ రంధ్రంలోంచి నీరు ఎక్కి గిన్నె మునిగితే ఒక ఘడియ గడిచినట్లు. మునిగినప్పుడల్లా చెన్నుడనే ముసలి కాపరి కంచు గంట మోగించి, గిన్నెను తీసి, నీరు ఒంపి, మళ్ళీ తేల్చేవాడు. సూర్యోదయం నుంచి ఎన్నవ గంటకు ఏ పని చేయాలో, ఏ పని చేయరాదో ఆ కోటలో పసిపిల్లలకు కూడా తెలుసు.

అది తెలియజెప్పినవాడు ఔబళ సిద్ధాంతి. అరవై ఏళ్ళు దాటిన మనిషి, సన్నని ఒళ్ళు, నెమ్మదైన మాట. రాజుగారి బొక్కసం ఆయన చెప్పిన హోరలోనే తెరుచుకునేది. సైనికుల జీతాలు ఆయన చూసిన తిథినాడే పంచేవారు. శుక్రవారం ఎవరూ డబ్బు బయటికి ఇచ్చేవారు కాదు, మంగళవారం అప్పు అడిగేవారు కాదు. గేదెను ఎప్పుడు అమ్మాలి, కొత్త బట్ట ఎప్పుడు కత్తిరించాలి, క్షౌరం ఎప్పుడు చేయించుకోవాలి అని తెల్లవారింది మొదలు ఆయన అరుగు మీద జనం కూర్చునేవారు. ఆయన వేళ్ళ కణుపులు లెక్కపెట్టి ఒక మాట చెప్పేవాడు. వారు దణ్ణం పెట్టి వెళ్ళేవారు. ఆ దణ్ణాలు లేని రోజు తాను ఎలా ఉంటాడో ఆయన ఏనాడూ ఊహించుకోలేదు.

రాజు సింగమరాజుకు అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఆయన తండ్రి పదేళ్ళ కిందట, ముహూర్తం దాకా ఆగలేక, సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచి యుద్ధానికి వెళ్ళి, అదే సాయంత్రం డోలీలో శవమై తిరిగి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఆ డోలీని చూసిన పిల్లవాడు పెరిగి రాజయ్యాడు కాని, ఆ గుమ్మం దాటి ముందుకు రాలేకపోయాడు. కాలు బయట పెట్టాలంటే సిద్ధాంతి వైపు చూసేవాడు.

ఆ ఏడు మాఘమాసంలో తీరం నుంచి పెరిక వర్తకులు వచ్చి వాగు అవతల విడిశారు. వేలకొద్దీ ఎద్దులు, ఒక్కొక్క ఎద్దు మీద రెండు గోనెలు ధాన్యం. అప్పటికే కొలనువీటి ప్రభువు పడమటి సరిహద్దులో దండు పోగుచేస్తున్నాడని వేగులవారు చెబుతున్నారు. సేనాని బొల్లినాయకుడు ఆ సంగతి విన్న నాటి నుంచి కోటలోని గాదెలు ఒక్కొక్కటే తెరిపించి చూశాడు. నిండుగా ఉన్నవి మూడే. మరునాడు సభలో రాజుకు మొక్కి, ఆయన తన మామూలు పద్ధతిలో, అలంకారాలేమీ లేకుండా మాట్లాడాడు.

“దేవరవారు ఈ కోట గోడలను నమ్మవచ్చు. నా మనుషులను నమ్మవచ్చు. గాదెలను మాత్రం నమ్మవద్దు. వాగు అవతల ఉన్న ధాన్యం మొత్తం మనం కొంటే ఏడాది తలుపులు మూసుకుని కూర్చోవచ్చు. కొనకపోతే రెండు నెలలు. ఆ వర్తకులు మూడు రోజులకు మించి ఆగరు. బొక్కసం రేపే తెరిపించండి.”

రాజు సిద్ధాంతి వైపు చూశాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ముందురోజు మధ్యాహ్నం మహామంత్రి బాచన సిద్ధాంతి ఇంటికి వచ్చి ఉన్నాడు. బాచన మంత్రి కొలనువీటి ప్రభువుతో రహస్యంగా ఒప్పందం చేసుకున్నాడు. కోట పడితే దానికి అధిపతి తానే. అయితే ఆ మాట అరుగు మీద కూర్చున్నప్పుడు ఆయన నోట రాలేదు. లంచం ఇవ్వలేదు. బెదిరించలేదు. చాలాసేపు ఎండ గురించి, కీళ్ళ నొప్పి గురించి మాట్లాడి, లేవబోతూ మాత్రం ఒక ప్రశ్న వేశాడు. శుక్రమూఢంలో ఉన్నాము కదా, బొక్కసం తెరవవచ్చునా అని. సిద్ధాంతి నిజమే చెప్పాడు. మూఢంలో పెళ్ళిళ్ళు చేయరు, గృహప్రవేశాలు చేయరు. తిండిగింజలు కొనడానికి మూఢమూ లేదు, ముహూర్తమూ అక్కరలేదు, ఆకలికి శాస్త్రం అడ్డు రాదు అన్నాడు. బాచన తల ఊపాడు. తరువాత ఎంతో స్నేహంగా ఇలా అన్నాడు.

“నాకు తెలిసి మీరు ఇంతవరకు దేనికీ ముహూర్తం అక్కరలేదని చెప్పలేదు, సిద్ధాంతిగారూ. ఇంత పెద్ద ఖర్చుకే అక్కరలేదని నిండు సభలో చెబితే, రేపు గేదెను అమ్ముకునేవాడు మీ అరుగు ఎక్కుతాడా? నాకేం, మీ మేలు కోరి చెబుతున్నాను.”

ఆ మాట సిద్ధాంతి లోపల ముల్లులా దిగింది. ఆయన ఆ రోజంతా ఖాళీ అరుగును ఊహించుకున్నాడు. నూనె తెచ్చే తెలికి, పూలు తెచ్చే మనిషి, పలకరించడానికే వచ్చే ముసలివారు ఎవరూ రాని అరుగు. శాస్త్రం తప్పని ఆయన అనుకోలేదు. జనానికి తనతో అక్కర తీరిపోతుందని భయపడ్డాడు. సభలో రాజు చూసిన చూపుకు ఆయన కళ్ళు దించుకుని, వేళ్ళ కణుపులు లెక్కపెడుతున్నట్లు కాసేపు నటించి, మూఢం ఇంకా నలభై రోజులున్నదని, అంతవరకు ఇంత ధనం బొక్కసం దాటడం శ్రేయస్కరం కాదని పలికాడు. ఆ మాటల్లో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పకుండా మింగినదే అబద్ధం.

బొల్లినాయకుడు మూడు రోజులూ వాగు ఒడ్డుకు వెళ్ళి వర్తకులను బతిమాలాడు. నాలుగో నాడు వారి పెద్ద తలపాగా సర్దుకుంటూ, “మీ రాజుగారికి మూఢమట, మా ఎడ్లకు మేతట. రెండూ ఒక చోట ఇమడవు దొరా” అని నవ్వి, గోనెలెత్తించాడు. ఆ ధాన్యం నేరుగా కొలనువీటి దండుకు చేరిందని పదిరోజుల తరువాత తెలిసింది.

చైత్రం నడుస్తుండగా ముట్టడి మొదలైంది. వాగు రెండు పాయలకూ అవతల గుడారాలు లేచాయి. వైశాఖానికి మూడో గాదె అడుగు కనిపించింది. జ్యేష్ఠానికి గుర్రాలు పోయాయి. మొదట కొండవెనక సందులోంచి కొంత ధాన్యం తెప్పిద్దామని బొల్లినాయకుడు మనుషులను పంపాడు. సిద్ధాంతి పెట్టిన వేళకే వారు బయలుదేరారు, ఆ వేళకే శత్రువు ఆ సందులో కాచి ఉన్నాడు. రెండోసారీ అంతే. నలభై మంది తిరిగి రాలేదు.

కోటలోపల సంగతి నేను ఎక్కువగా రాయలేను. చింతచిగురు, తుమ్మబంక, నానబెట్టిన తోలు తిన్నారు. ముసలివారు మంచాల మీద నుంచి లేవడం మానుకున్నారు. సిద్ధాంతి అరుగుకు మాత్రం జనం రావడం మానలేదు, అదే ఆయనను కాల్చింది. ఒకనాడు సాలెపేట నుంచి ఒక ఇల్లాలు చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. బిడ్డకు ఆరో నెల నిండిందని, అన్నప్రాసనకు వేళ చూడమని అడిగింది. ఆయన అలవాటు కొద్దీ లెక్కపెట్టి, పన్నెండు రోజుల తరువాత మంచి రోజు ఉన్నదన్నాడు. ఆమె దణ్ణం పెట్టి రెండడుగులు వేసి ఆగింది.

“అప్పటికి ఇన్ని బియ్యం దొరుకుతాయేమో, అదీ చూసి చెప్పండి అయ్యగారూ” అన్నది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది.

సిద్ధాంతి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ బిడ్డ ఎనిమిదో రోజున పోయింది.

ఆషాఢం వచ్చింది. ఆకాశమంతా మబ్బు పట్టి, వారం రోజులుగా సూర్యుడు కనిపించలేదు. ఐదు రోజులకు సరిపడా గింజలున్నాయని తేలిన నాడు బొల్లినాయకుడు రాజును కలుసుకుని, కోట తలుపు తెరిచి ఉన్నవారందరితో ఒక్కసారిగా శత్రువు ధాన్యపు బండ్ల మీద పడడం తప్ప దారి లేదని చెప్పాడు. రాజు ఒప్పుకున్నాడు. కాని వేళ చూడాలన్నాడు. ఆ కోటలో దండు కదిలే ముహూర్తానికి దిష్టి తగలకూడదని ఒక ఆచారం ఉన్నది. పెట్టిన సిద్ధాంతికి, విన్న రాజుకు, దక్షిణ చెల్లించే మంత్రికి తప్ప అది ఎవరికీ తెలియరాదు. సేనానికి కూడా ఆనాటి సూర్యోదయానికే చెబుతారు. ఆ పద్ధతి ప్రకారమే ముగ్గురూ కూర్చున్నారు. దశమినాడు సూర్యోదయాది ఏడవ ఘడియ అని సిద్ధాంతి నిజాయితీగా గణించి చెప్పాడు. బాచన మంత్రి దక్షిణ తాంబూలంలో పెట్టి ఇచ్చి, వినయంగా లేచి వెళ్ళాడు.

ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే బొల్లినాయకుడు సిద్ధాంతి ఇంటికి వచ్చాడు. భారీ మనిషి, మూడు నెలల్లో సగం అయ్యాడు. అరుగు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

“నేను వేళ అడగడానికి రాలేదు. రెండుసార్లు నా మనుషులు వేళకు వెళ్ళారు, వేళకే చచ్చారు. వేళ తెలిసినవారు ముగ్గురు. రాజును నేను అనుమానించను. ఇక మిగిలింది మంత్రిగారు, మీరు. ఎవరన్నది తెలుసుకుని పోదామని వచ్చాను.”

సిద్ధాంతికి మొదట కోపం వచ్చింది. ఆ కోపం నోటిదాకా వచ్చి అక్కడే చల్లారిపోయింది. ఎందుకంటే మాఘమాసపు మధ్యాహ్నం, కీళ్ళ నొప్పి కబుర్లు, లేవబోతూ బాచన వేసిన ఆ ప్రశ్న అన్నీ ఒక్కసారిగా ఆయనకు అర్థమైనాయి. ఆయన స్తంభం పట్టుకుని నిలబడి, అంతా చెప్పేశాడు. గింజలకు ముహూర్తం అక్కరలేదని, ఆ సంగతి తనకు తెలుసునని, తెలిసీ మింగానని, మింగించినవాడు బాచన అని, కాని మింగింది తానేనని.

బొల్లినాయకుడు, “మా వీధిలో పదకొండు మంది పోయారు. వారిలో మా అమ్మ ఉన్నది” అని మాత్రం అన్నాడు.

సిద్ధాంతి ఆయన కాళ్ళ మీద పడబోయాడు. సేనాని పక్కకు తప్పుకున్నాడు.

“మీరు పెద్దవారు, ఆ పని చేయకండి. నాకు పాపం చుట్టుకుంటుంది” అని, మెట్లు దిగాడు. దిగిన తరువాత వెనక్కి తిరిగి, ఈ సంగతి రాజుతో చెప్పే శక్తి మీకు ఉన్నదా అని అడిగాడు. ఉన్నదని సిద్ధాంతి అన్నాడు. లేకపోయినా ఫరవాలేదన్నాడు బొల్లినాయకుడు. తాను మాత్రం రాజు చెప్పిన గంటకే బయలుదేరుతానని, అవతల ఎవరు కాచుకున్నా సరే వెళతానని, రాజాజ్ఞ కన్న ముందు తలుపు తీసేవాడు సేనాని కాడు, దొంగ అని చెప్పి వెళ్ళిపోయాడు.

సిద్ధాంతి ఆ వెంటనే రాజు దగ్గరికి వెళ్ళాడు. రాజు పక్కన బాచన ఉన్నాడు. వేళను మార్చవచ్చునేమో అని సిద్ధాంతి మొదలుపెట్టగానే రాజు ముఖం మళ్ళీ పన్నెండేళ్ళ పిల్లవాడి ముఖంలా పాలిపోయింది. పెట్టిన ముహూర్తం కదిపితే ఏమవుతుందో మీరే కదా మాకు నేర్పారు, మా తండ్రిగారి సంగతి మీరే కదా వందసార్లు చెప్పారు అన్నాడు. పాపం, సిద్ధాంతిగారికి ఆకలితో తల తిరుగుతున్నట్లుంది, ఇంత సంకటిపిండి ఇంటికి పంపిస్తానన్నాడు బాచన, ఎంతో దయగా. సిద్ధాంతి నోరు తెరిచాడు. గింజల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. నమ్మకమే ఊపిరిగా బతుకుతున్న ఆ కుర్రవాడి కళ్ళలోకి చూసి, ఆ ఊపిరి పోసింది తానేనని గుర్తు వచ్చి, మళ్ళీ మింగాడు. రెండోసారి.

దశమినాడు తెల్లవారుతుండగా ఆయన ఘటికాగృహానికి వెళ్ళాడు. రోజూ గిన్నెకు పసుపు రాసి పూజ చేసి గంగాళంలో విడిచేది ఆయనే. చెన్నుడు గంట తుడుస్తున్నాడు. సిద్ధాంతి గిన్నెను ఒడిలో పెట్టుకుని, ఉత్తరీయం కప్పి, గంటం మొనతో ఆ రంధ్రాన్ని తొలిచాడు. నలభై ఏళ్ళుగా ఆ గంటంతో తాటాకుల మీద పంచాంగాలు రాసిన చెయ్యి. ఎంత తొలవాలో ఆ చేతికి తెలుసు. కొలనువీటి దండుకు తమ గిన్నె తమకు ఉన్నది. అక్కడ ఐదు ఘడియలు గడిచేసరికి ఇక్కడ ఏడు గంటలు మోగాలి. మబ్బు పట్టిన రోజు కనుక నీడను చూసి తప్పు పట్టేవాడు లేడు. ఆయన ఈ సంగతి సేనానికి చెప్పలేదు. చెబితే బొల్లినాయకుడు ఆగిపోతాడు.

గంటలు మోగాయి. చెన్నుడు గిన్నెను నమ్మాడు, కోట చెన్నుణ్ణి నమ్మింది. ఏడవ గంట మోగగానే రాజు చెయ్యి ఎత్తాడు, తలుపులు తెరుచుకున్నాయి.

బొల్లినాయకుడు ఎదురుగా ఈటెల గోడ ఉంటుందనుకుని వెళ్ళాడు. ఉన్నది పొయ్యిల పొగ. కొలనువీటి సైనికులు ఇంకా రెండు ఘడియలున్నవి కదా అని వంటలు చేసుకుంటున్నారు, కొందరు వాగులో స్నానాలు చేస్తున్నారు, కవచాలు గుడారాల ముందు విప్పిపెట్టి ఉన్నవి. ఎముకల గూళ్ళలాంటి నెమలిగుట్ట మనుషులు ఆ వానచినుకుల్లో వారి మీద పడ్డారు. ఆకలి వారి చేతుల్లోంచి బలాన్ని తీసివేసింది కాని తొందరను ఇచ్చింది. బండ్లు ఒకదాని వెనక ఒకటిగా కోట వైపు మళ్ళాయి. శత్రువులు తేరుకుని రేవు దగ్గర ఎదురుదెబ్బ తీశారు. అక్కడ వాగు ఇరుకు. బండ్లన్నీ దాటేదాకా ఆ ఇరుకులో నిలబడవలసిన మనిషి ఒకడు కావాలి. బొల్లినాయకుడు నిలబడ్డాడు. ఆఖరి బండి చక్రం కోట వైపు గట్టు ఎక్కిన తరువాత ఆయన మోకాళ్ళ మీదికి వంగడం బురుజు మీది నుంచి అందరూ చూశారు. మళ్ళీ లేవలేదు. ఆయన చుట్టూ పడిన శత్రువుల్లో ఒక దళవాయి ప్రాణాలతో చిక్కాడు.

ఆ మధ్యాహ్నం మబ్బు విడిపోయి ఎండ కాసింది. అదే చిక్కు తెచ్చింది. సభామంటపం ముందు నీడ కొలిచే రాతి మేకు ఉన్నది. గంటల లెక్కకు మధ్యాహ్నం దాటిపోయింది, మేకు నీడ మాత్రం ఇంకా పడమటనే ఉన్నది. బాచన మంత్రి ఆ నీడను చూశాడు. దళవాయి నోరు విప్పకముందే ఒక ద్రోహిని వెతికిపెట్టుకోవాలని ఆయన తొందర. మరునాటి సభలో ఆయన బాధతో నిండిన గొంతుతో ఇలా విన్నవించాడు.

“చనిపోయినవారిని నిందించడం నాకు ప్రీతి కాదు, ప్రభూ. కాని నిన్న కోట గంట రెండు ఘడియలు ముందు మోగింది. దేవరవారి ముహూర్తాన్ని భంగం చేయడానికి సేనాని ఆ గంట కాపరిని కొన్నాడు. రాజాజ్ఞను మోసంతో దాటినవాడికి వీరస్వర్గపు మర్యాదలు, భార్యకు మాన్యం తగవు. కాపరి చెయ్యి తీయించాలి.”

చెన్నుడు ఒక మూల నిలబడి, తాను గిన్నె మునిగినప్పుడే కొట్టానని, మునగకముందు ఒక్కసారీ కొట్టలేదని ఏడ్చాడు. సేనాని శవం ఇంకా ఇంటి ముందరే ఉన్నది. తీర్పు తేలేదాకా ఎత్తవద్దని కబురు వెళ్ళింది.

సిద్ధాంతి లేచాడు. లేవకపోతే ఆయనకు ఏ లోటూ లేదు. ఆ ఉదయమే రాజు, ఇంతటి విజయం తెచ్చిన వేళ పెట్టినందుకు ఆయనకు పాలవాగు పక్కన పొలం రాయించాలనుకున్నాడు. అరుగు మీద జనం అప్పుడే రెట్టింపు అయ్యారు. ఆయన ఘటికాగృహం నుంచి తెచ్చుకున్న గిన్నెను ఉత్తరీయం చాటు నుంచి తీసి రాజు పాదాల ముందు పెట్టాడు.

“రంధ్రం పెద్దది చేసినవాణ్ణి నేను. చెన్నుడికి తెలియదు. బొల్లినాయకుడికి తెలియదు, ఆయన మీ గంట అనుకునే వెళ్ళాడు. ప్రభువులు ఆ దళవాయిని ఒక్కమాట అడగండి. ఏ వేళకు కాచి ఉండమని కబురు వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో.”

దళవాయి గాయాలతో నీరసించి ఉన్నాడు. దాచడానికి అతనికి ఏ కారణమూ లేదు. ఏడవ ఘడియకని, కబురు ముందురోజు చీకటి పడకముందే అందిందని చెప్పాడు. అప్పటికి సేనానికి ఆ వేళ తెలియదు. తెలిసినది ముగ్గురికే. గంట ముందు మోగిందని తానే రుజువు చేసిన బాచన, తన రుజువు నడుమ తానే నిలబడిపోయాడు. గంట సరిగ్గా మోగి ఉంటే కోట పడేదని, ఆ సంగతి తెలిసినవాడే దానికి కోపగిస్తున్నాడని సభలో చివర కూర్చున్నవారికి కూడా అర్థమైంది. భటులు ఆయన రెండు చేతులూ పట్టుకున్నప్పుడు ఆయన మొదటిసారిగా సిద్ధాంతి వైపు ద్వేషంతో చూశాడు.

రాజు అలవాటు చొప్పున, శిక్షకు వేళ చూడమనడానికి సిద్ధాంతి వైపు తిరిగాడు. తిరిగి, ఆగిపోయాడు.

సిద్ధాంతి కూర్చోలేదు. మాఘమాసపు సంగతి అప్పుడు చెప్పాడు. రెండుసార్లు మింగిన మాట మూడోసారి వచ్చేసింది. గింజలకు మూఢం లేదు ప్రభూ, అని మొదలుపెట్టాడు. మగ్గాలవారు, కంచరివారు, బిడ్డలను పోగొట్టుకున్నవారు ఆ సభలోనే ఉన్నారు. ఆయన చెప్పడం అయిన తరువాత తన తల తీయించమని అడిగాడు. రాజు ఎవరి వైపూ చూడకుండా, తన సొంత గొంతుతో మాట్లాడాడు.

“తల తీస్తే మీకు తేలిక. ఈ మూడు నెలల్లో ఆకలికి మనుషులు పోయిన ప్రతి ఇంటికి వెళ్ళండి. గుమ్మంలో నిలబడి, వారు ఎందుకు పోయారో మీరే చెప్పండి. నా పేరు కూడా చెప్పండి. అడిగినవాణ్ణి నేనే కదా.”

అది రాహుకాలమని ఎవరో గొణిగారు. రాజు స్వయంగా గాదె తలుపు తీసి, కుంచం చేతికి తీసుకుని కొలిచి పోశాడు.

సిద్ధాంతి ఇంటింటికీ తిరిగాడు. కొందరు తిట్టారు, కొందరు మట్టి విసిరారు. సాలెపేటలో ఆ ఇల్లాలు చివరిదాకా విని, తలుపు వేసుకున్నది. అన్నిటికన్న ఆ తలుపు చప్పుడే ఆయన చెవుల్లో ఎక్కువ కాలం ఉన్నది. మరికొందరు, ఇది ఆయనకు మరీ కష్టమైంది, చెప్పినది వినకుండా, వచ్చారు కనుక కూతురి కాపురానికి మంచిరోజు చూసి వెళ్ళమని చాప వేశారు.

ఆఖరి గుమ్మం బొల్లినాయకుడిది. ఆయన ఇల్లాలు పోతసాని బయటే కూర్చుని చేటలో వడ్లు చెరుగుతున్నది. అత్తగారి సంగతి, భర్త సంగతి ఆయన చెప్పాడు. ఆమె చెరగడం ఆపలేదు. చెప్పడం అయ్యాక చేటను పక్కన పెట్టింది.

“నా పెనిమిటి గుమ్మం దాటిన వేళ మంచిదేనా?” అని అడిగింది.

“అది పంచాంగంలో ఉన్న వేళ కాదమ్మా. నేను తొలిచి తెచ్చిన వేళ” అన్నాడు సిద్ధాంతి.

“ఎక్కడినుంచి తెచ్చారని నేను అడగలేదు. మంచిదేనా అని అడిగాను.”

నలభై ఏళ్ళుగా ఆ ప్రశ్నకు రెప్పపాటులో జవాబు చెప్పిన మనిషి. ఆయన వేళ్ళు కణుపుల మీదికి వెళ్ళి ఆగిపోయాయి. వీధి పొడుగునా ఇళ్ళ కప్పుల మీద పొగ లేస్తున్నది. ఎవరింట్లోనో అన్నం వారుస్తున్న వాసన వచ్చింది.

“గింజలు లోపలికి వచ్చాయి, పొయ్యిలు వెలిగాయి” అన్నది పోతసాని చివరికి. “నేను మంచిదనే అనుకుంటాను. మీరు మాత్రం అలా అనుకోకండి.”

ఆయన ఆమెకు దణ్ణం పెట్టి మెట్లు దిగాడు.

అనసూయా, అమ్మా, అచ్చుకు ఇచ్చేముందు పేర్లు ఒక్కసారి సరిచూడు. సేనాని బొల్లినాయకుడు, మంత్రి బాచన. ఎక్కడైనా ఒకరికి బదులు ఒకరిని రాశానేమో, ముఖ్యంగా ఆ మాఘమాసం దగ్గర. సేనాని ఇల్లాలికి నేను మొదట వేరే పేరు అనుకున్నాను, అదేమిటో ఎంత తలచుకున్నా రావడం లేదు. పోతసాని అనే ఉంచు. ఏది ఎలా ఉన్నా చెన్నుడి పేరు మాత్రం తప్పు జరిగిన చోట ఎక్కడా పడకుండా చూడు. ఆ ముసలాయనకు ఏ పాపమూ తెలియదు.